సూచీలో మార్కులు పెరిగాయి, మా వీధి మునిగింది: సుస్థిరాభివృద్ధి వ్యూహం అమలులో ముడి ఎక్కడ పడుతోంది?

ప్రశ్న: సింగ్‌నగర్ పంతులు

విజయవాడలోని ఒక డిగ్రీ కళాశాలలో నేను అర్థశాస్త్రం బోధిస్తాను. సుస్థిరాభివృద్ధి పాఠం ప్రతి ఏడాదీ చెప్పేదే కాబట్టి తడుముకోకుండా సాగిపోయేది. ఈసారి మాత్రం ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న దగ్గర ఆగిపోయాను. తరగతిలో దాటవేసిన ఆ ప్రశ్నను మీ ముందు పెడుతున్నాను.

నేపథ్యం తెలియనివారి కోసం కొన్ని మాటలు. 1992లో రియో డి జెనీరోలో జరిగిన సదస్సు ఆమోదించిన అజెండా 21 పత్రం, తన ఎనిమిదో అధ్యాయంలో, ప్రతి దేశమూ ఒక జాతీయ సుస్థిరాభివృద్ధి వ్యూహాన్ని రూపొందించుకోవాలని కోరింది. 2002లో జొహానెస్‌బర్గ్‌లో కలిసిన దేశాలు ఆ వ్యూహాల అమలును 2005 నాటికి మొదలుపెట్టాలని గడువు పెట్టుకున్నాయి. 2015లో ఐక్యరాజ్యసమితి 17 లక్ష్యాలను, వాటి కింద 169 ఉపలక్ష్యాలను ప్రకటించింది. మన దేశం అప్పటికే ఉన్న కేంద్ర పథకాలను, మంత్రిత్వ శాఖలను ఆయా లక్ష్యాలతో జతచేసి, పర్యవేక్షణను నీతి ఆయోగ్‌కు అప్పగించింది. ఆ సంస్థ 2018 నుంచి రాష్ట్రాలకు నూటికి ఇన్ని అని మార్కులు వేస్తోంది. దేశం మొత్తానికి 2018లో 57, 2019-20లో 60, 2020-21లో 66, 2023-24లో 71 వచ్చాయి.

ఈ అంకెలను బోర్డు మీద రాసి వెనక్కి తిరిగేసరికి ఆ అమ్మాయి లేచి నిలబడి ఉంది. "సార్, 71 మార్కులు వచ్చాయని ప్రకటించింది 2024 జులైలో. సెప్టెంబరు ఒకటో తారీకుకల్లా బుడమేరు వాగు మా ఇంట్లో ఉంది. అయిదు రోజులు మేడమెట్ల మీద కూర్చుని, డ్రోన్ తెచ్చిన అన్నం పొట్లాలు తిన్నాం. ఆ 71లో మా ఇల్లు ఎక్కడ ఉంది సార్?" అని అడిగింది. తరగతిలో ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అందులో సగం మంది ఇళ్ళు ఆ వైపువే. మా ఇల్లూ అక్కడిదే.

ఆర్థిక, సామాజిక, పర్యావరణ ప్రయోజనాల మధ్య సమతుల్యం సాధించాలన్న పాఠ్యపుస్తకపు వాక్యాన్ని అప్పగించి గంట కొట్టేదాకా నెట్టుకొచ్చాను. తరవాత ఆలోచిస్తే ఆ "సమతుల్యం" అన్న మాటలో ఏమీ లేదనిపించింది. తక్కెడ ఎవరి చేతిలో ఉంది, రాళ్ళు ఎవరు వేస్తున్నారు అన్నది ఆ మాట చెప్పదు. జాతీయ వ్యూహం అమలు దాకా వచ్చేసరికి ఘర్షణ పుడుతున్నది లక్ష్యాలలోనా, డబ్బులోనా, అధికారంలోనా, చట్టంలోనా? మీ మీ ఉద్యోగాల్లో, పొలాల్లో కళ్ళారా చూసినదాన్ని బట్టి చెప్పగలరు. పార్టీల ప్రస్తావన దయచేసి వద్దు.

జవాబు: గాంధీనగర్ విశ్రాంత ఇంజనీరు

పంతులుగారికి నమస్కారం. నేను సాగునీటి కాలువల మీద ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి విరమించినవాణ్ణి. మీ విద్యార్థిని అడిగినదానికి సూటి సమాధానం బుడమేరు చరిత్రలోనే ఉంది కనుక అక్కడినుంచే మొదలుపెడతాను.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి, విజయవాడ ఉత్తరపు అంచును ఒరుసుకుంటూ పోయి కొల్లేటిలో కలిసే వాగు. ఏడాదిలో ఎక్కువ రోజులు దాన్ని చూసినవారికి ఇదేం చేస్తుందిలే అనిపిస్తుంది. బెజవాడ దుఃఖదాయని అన్న పేరు దానికి ఊరికే రాలేదు. ఊరిని కాపాడటానికి వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కడినుంచి ఒక మళ్ళింపు కాలువ తవ్వి, వరదను ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి పంపే ఏర్పాటు చేశారు. ఆ కాలువ తవ్వింది వరద కోసం. తరవాత పోలవరం కుడి కాలువ వచ్చి అందులోనే కలిసింది, పట్టిసీమ ఎత్తిపోతల మొదలయ్యాక గోదావరి నీళ్ళు కృష్ణా డెల్టాకు చేరేది కూడా ఆ దారినే. డెల్టా రైతుకు సకాలంలో నారుమళ్ళకు నీరు అందడం ఎంత గొప్ప సంగతో నాకు తెలుసు, ఆ పనిని తప్పుపట్టను. కానీ ఇంజనీరుగా ఒక మాట చెప్పాలి. వరద కాలువను ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి, సాగునీటి కాలువను నిండుగా ఉంచాలి. రెండింటికీ అదను జులై నుంచి అక్టోబరు వరకే. ఆహార భద్రత అనే లక్ష్యమూ నగర భద్రత అనే లక్ష్యమూ పత్రం మీద పక్కపక్క గళ్ళలో సఖ్యంగా కూర్చుంటాయి. కాలువలో మాత్రం రెండింటికీ చోటు ఒక్కటే.

2024లో జరిగింది చూడండి. ఎగువన కుంభవృష్టి కురిసి బుడమేరు పొంగింది, మళ్ళింపు కాలువకు గండ్లు పడ్డాయి, అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పాత రికార్డులన్నీ దాటేసింది. నది అంత ఎత్తున ఉన్నప్పుడు కాలువ నీరు అందులోకి దిగదు, వెనక్కి తంతుంది. మిగిలిన దారి ఊళ్ళోంచి కొల్లేటికి పోయే పాత పాయ ఒక్కటే. ఆ పాయ ఒకప్పటి వెడల్పున లేదు. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట అన్నీ పల్లపు నేలలు. పేదవాడికి కొనగలిగిన ధరలో దొరికేది పల్లమే కదా. ఇళ్ళు కట్టించడం కూడా సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఒకటే. కట్టించిన ప్రతి ఇల్లూ ఆ గడిలో లెక్కకు వస్తుంది, అది ఏ ఎత్తున ఉందన్నది ఆ గడి అడగదు.

ఇక అడుగున కొల్లేరు. 1970ల దశకంలో మత్స్యకార సంఘాలకు జీవనోపాధి కోసమని అక్కడ చేపల చెరువులు వేయించింది ప్రభుత్వమే. వాటిలో లాభం కనబడ్డాక పెట్టుబడిదారులు దిగారు, గట్లు పెరిగాయి. 1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) దాకా అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో పొక్లెయిన్లు పెట్టి గట్లు తెగగొట్టారు. గట్లు తెగిన రోజుల్లో నేను ఆ వైపు పనిమీద వెళ్ళాను. ఒక పెద్దాయన నన్ను అటవీశాఖ మనిషి అనుకుని, "తవ్వమన్నదీ మీరే, పూడ్చమన్నదీ మీరే, మధ్యలో మేం ఎవరం బాబూ" అన్నాడు. నేను ఆ శాఖవాణ్ణి కానని చెప్పాను. ఇప్పుడు తలచుకుంటే అది సమాధానమే కాదు, ఎందుకంటే ఆయనకు మేమందరం ఒకటే సర్కారు. చేపల ఉత్పత్తిలో మన రాష్ట్రం దేశంలోనే మొదటి స్థానంలో ఉందని మనం గర్వంగా చెప్పుకుంటాం. చిత్తడి నేలను కాపాడుకోవాలని అంతర్జాతీయ ఒప్పందంలో మాట ఇచ్చిందీ మనమే. చెరువు గట్టు ఒక లక్ష్యానికి ఆస్తి, మరో లక్ష్యానికి అడ్డు, ఆ అడ్డు వెనక నిలిచే నీరు చివరకు ఎవరి ఇంట్లోకి వస్తుందో మీరు చూశారు. కాబట్టి ఘర్షణ మొదట లక్ష్యాల మధ్యనే ఉందని నా అభిప్రాయం. వ్యూహం రాసినవారు 17 లక్ష్యాలూ ఒకదానికొకటి చేయూతనిస్తాయని రాశారు. ఏవి ఒకదాని కాలు ఒకటి తొక్కుతాయో, తొక్కినప్పుడు ఏది ఆగాలో రాయలేదు.

జవాబు: పద్దుల మనిషి, పటమట

ఇంజనీరుగారి మాటతో చాలావరకు ఏకీభవిస్తూనే, ఘర్షణ మొదట లక్ష్యాల్లోనే ఉందన్నదాన్ని నేను ఒప్పుకోలేను. లక్ష్యాలు తమంతట తాము కొట్లాడుకోవు. ఏ పనికి ఏ పద్దు కింద డబ్బు వస్తుందన్నదాన్ని బట్టే ఒకటి నెగ్గుతుంది, ఒకటి ఓడుతుంది. స్థానిక సంస్థల లెక్కల విభాగాల్లో పనిచేసిన అనుభవంతో ఈ మాట అంటున్నాను.

ముందు మార్కుల సంగతి. 57 నుంచి 71కి ఎదిగామని పంతులుగారు బోర్డు మీద రాశారు కదా, ఆ నాలుగు అంకెలనూ ఒకే వరసలో రాయడం అంత సరికాదు. 2018 సూచీలో 62 సూచికలు, అంటే కొలిచే అంశాలు, ఉండేవి, తరవాతి ఏడాది 100 అయ్యాయి, 2020-21లో 115, చివరిదానిలో 113. ప్రశ్నపత్రం మారుతూ ఉంటే మార్కులు పెరిగాయనడం ఏ ఉపాధ్యాయుడూ ఒప్పుకోని వాదన. పైగా మొత్తం మార్కు అన్నది లక్ష్యాల మార్కుల సాధారణ సగటు. అంటే విద్యుత్ కనెక్షన్లలో నూటికి నూరు తెచ్చుకుని నగరాల నిర్వహణలో జారిపోయినా సగటు మనల్ని కాపాడుతుంది. మానవాభివృద్ధి సూచీ లెక్కగట్టేవారికి ఇదే ఇబ్బంది ఎదురై 2010లో సాధారణ సగటును వదిలి గుణమధ్యమానికి మారారు. ఒకదానిలో బాగా వెనకబడితే ఇంకొకదానితో పూర్తిగా పూడ్చుకోలేని పద్ధతి అది. మన సూచీలో ఆ మార్పు రాలేదు. మీ విద్యార్థిని ఇల్లు ఆ 71లో లేదని కాదు, ఉంది. సగటులో కలిసిపోయి కనబడకుండా ఉంది.

ఇక డబ్బు. ప్రణాళికా సంఘం ఉన్న రోజుల్లో దాని చేతిలో పంచడానికి నిధులు ఉండేవి, అందుకే రాష్ట్రాలు దాని మాట వినేవి, విసుక్కుంటూనైనా. 2015 జనవరి 1న దాని స్థానంలో వచ్చిన నీతి ఆయోగ్ మార్కులు వేస్తుంది, డబ్బు వేయదు. సుస్థిరాభివృద్ధి వ్యూహానికి కాపలాదారు ఉన్నాడు గానీ బొక్కసం తాళం అతని దగ్గర లేదు. తాళం ఉన్న చోట ఒక్కో పథకానికీ దాని సొంత నిబంధనలు, సొంత గడువులు.

ఒక ఉదాహరణ చెబుతాను, మన రెండు ఊళ్ళకూ సంబంధించినదే. 2019 జనవరిలో కేంద్రం జాతీయ శుద్ధ వాయు కార్యక్రమాన్ని ప్రారంభించింది. విజయవాడ, గుంటూరు రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. పురోగతిని కొలిచేందుకు ప్రధానంగా తీసుకున్నది పీఎం-10, అంటే కాస్త ముతక ధూళి. ఊపిరితిత్తుల లోతుకు దిగి ఎక్కువ హాని చేసేది పీఎం-2.5, అది వాహనాల పొగనుంచీ, చెత్త తగలబెట్టడంనుంచీ, థర్మల్ కేంద్రాలనుంచీ, పొయ్యిలనుంచీ వస్తుంది. కొలత ముతక ధూళిది కాబట్టి దేశవ్యాప్తంగా ఆ నిధుల్లో పెద్ద భాగం రోడ్ల దుమ్ము మీదికే పోయింది: ఊడ్చే యంత్రాలు, నీళ్ళు చల్లే బండ్లు, రోడ్డు అంచులకు సిమెంటు. అందులో అవినీతి ఉందని నేను అనడం లేదు. అధికారి తెలివితక్కువవాడూ కాదు. ఏ అంకె అడిగితే ఆ అంకె తెచ్చి చూపించాడు. రోడ్డు అంచున మట్టి కనబడకుండా సిమెంటు పోస్తే దుమ్ము తగ్గుతుంది, వానపడితే నీరు ఇంకే చోటు కూడా తగ్గుతుంది. గాలి పద్దులో లాభం, నీటి పద్దులో నష్టం. ఆ రెండు పద్దులూ ఒకే బల్ల మీదికి వచ్చిన రోజు నా ఉద్యోగ జీవితంలో ఒక్కటీ లేదు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. కొత్త కాలువ కట్టడం పెట్టుబడి వ్యయం, ఉన్న కాలువలో పూడిక తీయడం రోజువారీ వ్యయం. గ్రాంట్లు మొదటిదానికి సులువుగా వస్తాయి. పూడికతీతకు శంకుస్థాపన ఫలకం ఉండదు కదా. సుస్థిరత అన్న మాటకు నా పద్దుల భాషలో అర్థం నిర్వహణ ఖర్చే, మన వ్యవస్థలో ఎప్పుడూ కోతపడేది కూడా అదే.

జవాబు: ఫిరంగిపురం రైతు

పెద్దలిద్దరూ నగరం గురించే మాట్లాడారు. పల్లె వైపునుంచి కూడా ఒక మాట ఉండాలని రాస్తున్నాను. నాకు సొంతంగా ఉన్నది ఎకరంన్నర. మరో మూడు ఎకరాలు కౌలుకు తీసుకుని మిరప వేస్తాను. సొంత ఎకరంన్నరలో ప్రకృతి వ్యవసాయం, కౌలు చేలో మామూలు వ్యవసాయం చేస్తున్నాను. ఒకే మనిషి రెండు రకాలుగా ఎందుకు చేస్తున్నాడో చెబితే పంతులుగారి ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుందనుకుంటాను.

మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2016లో మొదలైంది, దాన్ని నడిపే రైతు సాధికార సంస్థ కార్యాలయం గుంటూరులోనే ఉంది. 2018లో ప్రకటించిన లక్ష్యం 2024 నాటికి 60 లక్షల మంది రైతులు, 80 లక్షల హెక్టార్లు. అంటే రాష్ట్రంలోని సాగు మొత్తం అన్నమాట. ఆ గడువు వచ్చింది, వెళ్ళింది. చేసేవాళ్ళం చాలామందిమే ఉన్నాం గానీ ఆ అంకె దరిదాపుల్లో లేము. మా ఊళ్ళో ఘనజీవామృతం అనే ఎరువు, నీమాస్త్రం అనే వేప కషాయం ఎలా తయారుచేయాలో నేర్పిన మహిళా సంఘం వాళ్ళ శ్రద్ధను నేను తక్కువ చేయను. నా ఎకరంన్నర నేల గుల్లబారింది, వానపాములు వచ్చాయి, మందుల ఖర్చు తగ్గింది. దిగుబడి తేరుకోవడానికి మాత్రం మూడు పంటకాలాలు పట్టింది.

కౌలు చేను సంగతి వేరు. కౌలు ఏడాదికి ఒకసారి మాట్లాడుకునేది. మూడేళ్ళు కష్టపడి నేలను బాగుచేస్తే నాలుగో ఏడు ఆ చేను నా చేతిలో ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వరు, బాగుపడిన చేనుకు కౌలు పెంచినా ఆశ్చర్యం లేదు. నేల మీద హక్కు ఏడాదిది, నేలకు చేసే సేవ ఫలితం పదేళ్ళది. భూసార పరిరక్షణ గురించిన పత్రాలన్నీ "రైతు" అని ఒక్క మాట రాసి ఊరుకుంటాయి. ఆ రైతు సొంతదారో కౌలుదారో అడగవు.

ఇక పద్దుల మనిషిగారు చెప్పిన డబ్బు విషయానికి మా ఉదాహరణ ఇది. యూరియా బస్తా 45 కిలోలు 266 రూపాయల 50 పైసలకు దొరుకుతుంది, మిగతా ఖరీదంతా కేంద్రం భరిస్తుంది. ఎరువుల రాయితీ మొత్తం 2022-23లో దాదాపు రెండున్నర లక్షల కోట్ల రూపాయలు. 2024 నవంబరులో అదే కేంద్రం ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు మొత్తం కేటాయింపు 2,481 కోట్లు. రసాయనాలు తగ్గించమని చెప్పే గొంతుకు ఒక రూపాయి, వాడుకోమని చెప్పే గొంతుకు నూరు రూపాయలు ఇస్తే రైతు ఏది వింటాడు? అలాగని రాయితీ రేపు ఎత్తేయమని నేను అడగను, ఎత్తేస్తే మొదట కూలేది నాబోటి కౌలుదారే.

యార్డు విషయం కూడా చెప్పాలి. గుంటూరు మిర్చి యార్డులో కాయ రంగు చూస్తారు, తేమ చూస్తారు, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత ఉందో చూస్తారు. ఎలా పండించావని ఎవరూ అడగరు. విదేశాలకు పోయే సరుకులో మందుల అవశేషాలు మించితే తిప్పి పంపుతారు, ఆ భయం ఎగుమతిదారుకు ఉంది. ఆ భయానికి తగిన ధర మా దాకా దిగిరాదు. 2021-22లో నల్ల తామరపురుగు వచ్చి మిరప తోటలను పీల్చేసినప్పుడు, పక్క చేలవాళ్ళు వారానికి రెండుసార్లు మందు కొడుతుంటే, నేను కషాయం డబ్బా పట్టుకుని నిలబడ్డాను. ఆ ఏడాది నా ఎకరంన్నర కూడా పోయింది, వాళ్ళ తోటలూ పోయాయి. తేడా ఒక్కటే, నాకు మందుల అప్పు లేదు. ఆ తేడాను ఏ సూచిక కిందైనా లెక్కిస్తారేమో పంతులుగారే చూసి చెప్పాలి.

జవాబు: అమరావతి రోడ్డు వకీలు

గుంటూరులో న్యాయవాద వృత్తిలో ఉన్నాను. చట్టం వైపునుంచి క్లుప్తంగా.

వ్యూహం చట్టం కాదు. 71 మార్కులు 60కి పడిపోయాయని ఎవరూ ఏ కోర్టులోనూ దావా వేయలేరు. పర్యావరణాన్ని కాపాడాలని చెప్పే 48ఎ అధికరణం, 51ఎ(జి) అధికరణం రాజ్యాంగంలోకి 1976 సవరణతో వచ్చాయి. మొదటిది ప్రభుత్వానికి ఆదేశసూత్రం, రెండోది పౌరునికి ప్రాథమిక విధి. వాటికి పదును పెట్టింది సుప్రీంకోర్టు: 1996లో వెల్లూరు తోళ్ళ పరిశ్రమల కేసులో సుస్థిరాభివృద్ధిని, ముందుజాగ్రత్త సూత్రాన్ని, కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని మన న్యాయంలో భాగమని చెప్పింది.

అమలులోని ఘర్షణను ఒక్క కేసులో చూడాలంటే ఉమ్మడి రాష్ట్రపు కాలుష్య నియంత్రణ మండలికీ ఒక పరిశ్రమకూ మధ్య నడిచిన కేసును చూడవచ్చు. 1999లో జస్టిస్ ఎం. జగన్నాథరావు ధర్మాసనం తీర్పు చెప్పింది. హైదరాబాదుకు తాగునీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల లోపల కాలుష్య కారక పరిశ్రమలు పెట్టకూడదని ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చింది. ఆ తరవాత ఆ పరిధిలోని ఒక పరిశ్రమకు మినహాయింపు ఇస్తూ ఉత్తర్వు ఇచ్చింది కూడా ప్రభుత్వమే. ఆ పరిశ్రమకు అనుమతి ఇవ్వరాదని కోర్టుకు ఎక్కిన మండలి సైతం ప్రభుత్వంలో భాగమే. ఇంజనీరుగారికి కొల్లేటి పెద్దాయన చెప్పిన మాట దీనికి అక్షరాలా సరిపోతుంది. మినహాయింపు చెల్లదని కోర్టు చివరకు తేల్చింది గానీ, అందుకు ఏళ్ళు పట్టింది.

మన ఇంటి పక్క ఉదాహరణ అమరావతి. రాజధాని కోసం 29 గ్రామాల పరిధిలో రైతులు భూసమీకరణ కింద సుమారు 33 వేల ఎకరాలు ఇచ్చారు. కొండవీటి వాగు ముంపు, పంట భూముల మార్పిడి మీద వేసిన పిటిషన్లపై జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 నవంబరులో పర్యావరణ అనుమతిని రద్దు చేయకుండా షరతులు, పర్యవేక్షణ కమిటీలు పెట్టి ముందుకు సాగనిచ్చింది. వాగు నీటిని కృష్ణలోకి తోడేందుకు ఉండవల్లి దగ్గర ఎత్తిపోతల 2018లో ప్రారంభమైంది. పల్లపు నేలలో నగరం కడితే ముంపు నివారణ అన్నది శాశ్వతంగా కరెంటు ఖర్చయ్యే పని అవుతుంది, పద్దుల మనిషిగారు చెప్పిన నిర్వహణ ఖర్చు మళ్ళీ అక్కడికే వచ్చింది. ఆపైన 2019 నుంచి 2024 వరకు ఆ పనులు దాదాపు నిలిచిపోయాయి. ఎవరు చేసింది ఒప్పు, ఎవరిది తప్పు అన్నది పంతులుగారు వద్దన్నారు కనుక వదిలేస్తున్నాను. వ్యూహం ముప్పై ఏళ్ళకు రాస్తారు, ప్రభుత్వం అయిదేళ్ళకు వస్తుంది, ఆ తేడా తాలూకు నష్టాన్ని మోసేది మాత్రం భూమి ఇచ్చిన మనిషి, ఆ భూమి మీద కూలి చేసుకున్న మనిషి. ఇలాంటి నష్టం కాలపరిమితి దాటాక కోర్టుకు వస్తే మేము చేయగలిగింది తక్కువ.

సింగ్‌నగర్ పంతులు

అందరికీ కృతజ్ఞతలు. రైతుగారికి ముందు సమాధానం: మీ చేతిలో మందుల అప్పు లేకపోవడాన్ని లెక్కించే గడి నేను చూసిన సూచికల్లో కనబడలేదు. తరగతిలో ఈ మాట తప్పక చెబుతాను.

ఇప్పుడు నా సందేహం ఇంకాస్త సన్నబడింది. లక్ష్యాలు, పద్దులు, ఉత్తర్వులు ఒకదానికొకటి ఎదురుపడినప్పుడు అందరినీ కూర్చోబెట్టి తేల్చే చోటు లేకపోవడమే అసలు లోటు అని మీ నలుగురి మాటల్లోనూ వినిపించింది. ఫిన్లాండ్‌లో 1993 నుంచి సుస్థిరాభివృద్ధి మీద ఒక జాతీయ కమిషన్ ఉంది, దానికి చాలాకాలం ప్రధానమంత్రులే అధ్యక్షత వహించారు. బ్రిటన్‌లోనూ ఒక కమిషన్ ఉండేది, 2011లో ఖర్చు తగ్గింపు పేరుతో దాన్ని ఎత్తేశారు. మనకు అలాంటిది ఒకటి పైన ఏర్పాటైతే కొంతైనా పనిచేస్తుందా?

పద్దుల మనిషి, పటమట

పైన ఒకటి పెట్టినా నష్టం లేదు గానీ, ఘర్షణ తేలాల్సింది అంత ఎత్తున కాదు. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది, పన్నెండో షెడ్యూలులో 18 అంశాలు రాశారు, వాటిలో పర్యావరణ పరిరక్షణ కూడా ఉంది. అంటే వీధి స్థాయిలో ఈ తగవు తీర్చాల్సింది ఎన్నికైన నగరపాలక మండలి. గుంటూరుకు 2010 తరవాత 2021 దాకా ఎన్నికైన మండలే లేదు. వ్యూహానికి చివరి మెట్టు అదే అయినప్పుడు, పదకొండేళ్ళు ఆ మెట్టే లేకుండా మేడ ఎక్కమన్నారు. మండలి ఉన్న చోట కూడా వాగు ఒక శాఖది, మురుగు కాలువ ఇంకో సంస్థది, దాని మీది వంతెన రహదారులవారిదో రైల్వేవారిదో. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత మనవాళ్ళు ఇలాంటిది చూసే పుట్టించి ఉంటారు.

ఫిరంగిపురం రైతు

పంచాయతీలకూ 29 అంశాలు రాసిపెట్టారండీ, పదకొండో షెడ్యూలులో. మా పంచాయతీ ఖాతాలో వీధిదీపాల బిల్లు కట్టాక మిగిలేదాన్ని బట్టి ఆ 29లో ఎన్ని జరుగుతాయో మీరే ఊహించుకోండి.

గాంధీనగర్ విశ్రాంత ఇంజనీరు

పద్దుల మనిషిగారు నా మాటను కాదన్నారు గానీ, ఆయన చెప్పింది చదివాక నా అభిప్రాయాన్ని కొంత సవరించుకుంటున్నాను. మళ్ళింపు కాలువను ఖాళీగా ఉంచాలా నిండుగా ఉంచాలా అన్న ప్రశ్న మా శాఖలో అప్పట్లో ఎవరికీ తెలియనిది కాదు. సాగునీరు ఆలస్యమైతే మర్నాడే ఫోన్లు వస్తాయి. వరద పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో వస్తుంది, 2005లో వచ్చింది, మళ్ళీ 2024లో వచ్చింది. రోజూ మోగే ఫోనుకే ఎవరైనా జవాబిస్తారు. నేనూ అదే చేశాను.

పంతులుగారూ, మీ విద్యార్థులకు నాదొక సూచన. కమిషన్ సంగతి ఢిల్లీవాళ్ళు చూసుకుంటారు, మీరు ఒక పటం గీయించండి. వెలగలేరు రెగ్యులేటరు నుంచి ఊరు దాటేదాకా బుడమేరు వెంబడి నడిచి, ఏ ముక్క ఎవరి అధీనంలో ఉంది, దాని మీద ఎన్ని వంతెనలున్నాయి, ఎవరు కట్టారు, చివరిసారి పూడిక ఎప్పుడు తీశారు, అక్కడ నీరు ఏ మట్టం దాకా వచ్చిందని ఇళ్ళవాళ్ళు గోడ మీద చూపిస్తున్నారు అన్నవి రాయించండి. ఈ వివరాలన్నీ ఒకే కాగితం మీద ఉండగా నేను నా ఉద్యోగంలో చూడలేదు. ఎండలు ముదిరి వాగు అడుగంటినప్పుడు, తొలకరికి ముందే వెళ్ళాలి. గట్టు మీద చాలాచోట్ల ఆటో పోదు, గుర్రపుడెక్క కమ్మిన చోట నేల ఎక్కడుందో తెలియదు కాబట్టి చేతికర్ర లేకుండా ఎవరినీ దిగనివ్వకండి. రెగ్యులేటరు దగ్గర మాత్రం నేను వచ్చి నిలబడి చూపిస్తాను.

సింగ్‌నగర్ పంతులు

తప్పకుండా రండి. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి తన వీధి గోడల మీద నీటి గీతలు కొలవడం నిన్ననే మొదలుపెట్టింది; వాళ్ళ ఇంటి గోడ మీద గీత, నేను నిలబడితే నా భుజం దాకా ఉంది.